తనిఖీ పేరుతో ఖూనీలు: ఒంగోలు హైవే హత్యల ముకద్దమా

2021 మే 24, సోమవారం. కరోనా రెండో అల జోరుగా ఉన్న రోజులు. ఎవరి ఇంట్లో చూసినా ఆక్సిజన్ గురించీ, ఆసుపత్రి మంచం గురించీ, జనాజా గురించే మాటలు. ఆ రోజే ఒంగోలులోని ఎనిమిదో అదనపు జిల్లా సెషన్స్ కోర్టు న్యాయమూర్తి జి. మనోహర్ రెడ్డి ఒక ఫైసలా చెప్పారు. అబ్దుల్ సమద్ అలియాస్ మున్నాకూ, అతని ముఠాలోని మరి కొందరికీ కలిపి 12 మందికి మరణశిక్ష. ఇంకొందరికి యావజ్జీవం. ఒక జిల్లా కోర్టు ఒకే రోజు 12 మందికి ఉరి వేయమనడం మన దేశంలో అరుదు. మామూలు రోజులైతే వారం పాటు టీవీలు దాని మీదే కూర్చునేవి. కరోనా హడావుడిలో రెండు రోజులకే మరుగున పడిపోయింది.

మార్టూరు, మేదరమెట్ల, మద్దిపాడు వైపు పెద్దవాళ్లకు మాత్రం ఆ పేరు కొత్త కాదు. 2008లో ఈ రోడ్డు మీద లారీలు మాయమయ్యేవి. లారీతో పాటు డ్రైవరూ, క్లీనరూ మాయమయ్యేవాళ్లు. మొత్తం 13 మందిని చంపారని తేలింది. ఆ ముకద్దమా కథ మన పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను. హంతకుడి మీద మోజు పుట్టించే కథలు యూట్యూబులో చాలానే ఉన్నాయి, అవి నాకు నచ్చవు. అతను ఎలా దొరికాడు, నేరం ఎలా రుజువైంది, దానికి పదమూడేళ్లు ఎందుకు పట్టింది అన్నదే నాకు ముఖ్యం.

ముందు రోడ్డు సంగతి. చెన్నై నుంచి కలకత్తా పోయే జాతీయ రహదారి చిలకలూరిపేట దాటాక మార్టూరు మీదుగా మేదరమెట్ల, మద్దిపాడు, ఒంగోలు చేరుతుంది. అప్పుడు దాని నంబరు 5, 2010లో నంబర్లు మార్చాక 16 అయింది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి, మిరప చేలు, మార్టూరు దగ్గర గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలు. పగలు ఎప్పుడూ రద్దీ. రాత్రి పన్నెండు దాటాక ఊరికీ ఊరికీ మధ్య కిలోమీటర్ల కొద్దీ చీకటి. నాలుగు లైన్లయ్యాక లారీల వేగం పెరిగింది, కానీ రాత్రిపూట మనుషుల అలికిడి తగ్గింది. పాత రోడ్డు మీద ప్రతి ఊరి నడిబొడ్డునా టీ బంకు ఉండేది, కొత్త రోడ్డు ఊళ్లను పక్కకు నెట్టేసింది.

మున్నా ముఠా పద్ధతి చాలా సులువైనది. భయంకరంగా ఉన్నది కూడా ఆ సులువే. వాళ్లు అధికారుల వేషంలో రోడ్డు మీద నిలబడేవాళ్లు. ఇనుప లోడుతో వచ్చే లారీని తనిఖీ అని చెప్పి ఆపేవాళ్లు. మన లారీ డ్రైవరు రాత్రిపూట ఎవరికి భయపడతాడు? దొంగకు భయపడితే యాక్సిలేటరు తొక్కుతాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు భయపడితే బ్రేకు తొక్కుతాడు. లైసెన్సు, పర్మిటు, ఓవర్‌లోడు, ఏదో ఒక లోపం ఎప్పుడూ ఉండనే ఉంటుంది. కాగితాలు చేతిలో పట్టుకుని తనంతట తానే కిందికి దిగుతాడు. ఆ ఇద్దరి చేతులూ కట్టేసి, మెడకు తాడు బిగించి చంపేవాళ్లు. శవాలను మనుషులు తిరగని చోట పూడ్చేవాళ్లు. లారీని మద్దిపాడు దగ్గర ఒక గోడౌనులోకి తోలి, సరుకు దించి, లారీని ముక్కలుగా కోసి తుక్కు కింద అమ్మేసేవాళ్లు. ఇనుము ఇనుములో కలిసిపోతుంది. దానికి ఆనవాలు ఉండదు. బంగారమైతే అనుమానం వస్తుంది, ఇనుప కడ్డీలు ఎవరి ఇంటి స్లాబులోనైనా ఇమిడిపోతాయి. ఇంత ఇనుము అగ్గువకు వస్తుంటే ఎక్కడిదని అడగని కొనుగోలుదారు లేకపోతే ఈ వ్యాపారమే సాగదు. మాలె మస్రూఖా, అంటే దొంగ సొత్తు, తెలిసి కొన్నవాడు కూడా ముజ్రిమే. మన పెద్దలు ఈ మాట పిల్లలకు చెప్పే తీరు వేరు: హరామ్ మాలులో బర్కత్ ఉండదంటారు.

తనిఖీ అన్న మాట మనదే. అరబ్బీలో ‘తన్ఖీహ్’ అంటే చెత్త తీసి శుభ్రం చేయడం, తేటతెల్లం చేయడం. కచేరీ భాషలోంచి తెలుగులోకి వచ్చి తనిఖీ అయింది. ఆ మాట పలికి మనుషులను లారీ దించారు.

ఇన్ని లారీలు మాయమవుతుంటే నెలల తరబడి ఎవరికీ ఎందుకు తెలియలేదు? ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఆగుదాం. లారీ బయలుదేరేది ఒక రాష్ట్రంలో, చేరాల్సింది ఇంకో రాష్ట్రంలో, మాయమైంది మూడో రాష్ట్రంలో. ఎక్కడ మాయమైందో తెలియనప్పుడు ఫిర్యాదు ఏ స్టేషనులో ఇవ్వాలి? మా హద్దు కాదు అనడం ప్రతి స్టేషనుకూ తేలిక. ఇప్పుడైతే బొల్లాపల్లి టోల్ ప్లాజా దాటగానే ఫాస్టాగ్ నుంచి డబ్బు కట్ అయినట్టు యజమాని ఫోనుకు కబురు వస్తుంది, జీపీఎస్‌లో లారీ ఎక్కడ ఆగిందో కనపడుతుంది. 2008లో డ్రైవరు ఏ ఎస్టీడీ బూతు నుంచో, ఉంటే తన సెల్ నుంచో చేసిన ఆఖరి ఫోనే గుర్తు.

ఇంకో సంగతి దీనికంటే చేదుగా ఉంటుంది. లోడుతో లారీ మాయమైతే మొదటి షక్ ఎవరి మీద పడుతుంది? డ్రైవరు మీదే. సరుకు అమ్ముకుని పారిపోయాడంటారు. లారీ ఫీల్డులో ఉన్న ఎవర్నడిగినా ఇదే చెబుతారు. చచ్చిపోయిన మనిషి మీదే దొంగ అనే ముద్ర. ఆ ఇంటికి పోలీసులు వచ్చి, మీవాడు ఎక్కడ దాక్కున్నాడని పెళ్లాం బిడ్డలను అడిగే పరిస్థితి. మఖ్తూల్ చోర్ అవుతాడు, ఖాతిల్ ఏ పేరూ లేకుండా తిరుగుతుంటాడు. హంతకులకు తాడు కంటే, గొయ్యి కంటే, ఈ అనుమానమే పెద్ద ఆసరా.

ఈ ముడి విప్పింది ఒక లారీ యజమాని మొండితనం. ఆయన తమిళనాడువాడు. ఆయన లారీ పశ్చిమ బెంగాల్ దుర్గాపూర్‌లో ఇనుము ఎత్తుకుని తమిళనాడులోని కల్పాక్కం వైపు బయలుదేరి మధ్యలో మాయమైంది. 2008 అక్టోబరులో ఆయన ఒంగోలు వచ్చి ఫిర్యాదు ఇచ్చాడు. మనుషులు దొరక్కపోయినా మాలు ఎక్కడో ఒకచోట అమ్ముడుపోవాలి కదా. ప్రకాశం జిల్లా పోలీసుల దర్యాప్తు ఆ దారిన నడిచి ముఠా దగ్గరికి చేరింది. ఒక్కొక్కరే దొరికారు. ఒక్క లారీ గురించి అడిగితే ఒకదాని వెనక ఒకటిగా మిగతావి బయటికొచ్చాయి. పారిపోయిన మున్నాను కర్ణాటకలో పట్టుకున్నారు. గిరఫ్తారీ అయిన నాటికి అతను ముల్జిమ్ మాత్రమే, ముజ్రిమ్ కాదు. ఉర్దూలో ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ఇల్జామ్ మోపబడ్డవాడు ముల్జిమ్, జుర్మ్ రుజువైనవాడు ముజ్రిమ్. మున్నా విషయంలో ఈ రెండు మాటల మధ్య దూరం పదమూడేళ్లు.

తెలుగులో మనం ముద్దాయి అంటాం. ఉర్దూ వచ్చినవాళ్లకు ఇది నవ్వు తెప్పిస్తుంది. ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదీ. ఎదుటివాడు ‘ముద్దా అలైహ్’. తెలుగు కచేరీల్లో నలిగి నలిగి ఆ మాట తలకిందులైంది, వాది కాస్తా నిందితుడయ్యాడు. ఖూనీ కూడా అంతే. ఉర్దూలో ఖూనీ అంటే హంతకుడు, తెలుగులో హత్య. వాయిదా సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అసలు మాట ‘వాదా’, అంటే మాట ఇవ్వడం. ఫలానా రోజు వస్తానని కోర్టులో ఇచ్చే మాట. మన దగ్గర రాకుండా ఉండటానికి వాడే మాటైపోయింది.

ఈ మాటలు మన ఊళ్లలోకి ఊరికే రాలేదు. 1802లో కంపెనీవాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కోర్టులు, పైన సదర్ ఫౌజ్దారీ అదాలత్ పెట్టినప్పుడు, క్రిమినల్ కేసుల్లో నడిచింది ముస్లిం ఫిఖ్హ్ చట్టమే. కోర్టులో ఖాజీ, ముఫ్తీ కూర్చుని ఫత్వా రాసిచ్చేవాళ్లు, దొర దాన్ని చూసి శిక్ష వేసేవాడు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 1862 జనవరి 1న అమల్లోకి వచ్చేదాకా ఇదే పద్ధతి, మధ్యమధ్య కంపెనీ సవరణలతో. గుంటూరు సర్కారులో ఖూనీ చేసినవాడి తల మీద హనఫీ ఫిఖ్హ్ పుస్తకాలు కూడా తీర్పు చెప్పాయన్నమాట.

ఆ పుస్తకాల్లో మున్నా కేసుకు సరిగ్గా సరిపోయే భాగం ఒకటి ఉంది. దారి దోపిడీని ఫిఖ్హ్‌లో హిరాబా అనీ, ఖతా ఉత్ తరీఖ్ అనీ అంటారు. దారిని కోసేయడం అని దాని అర్థం. మామూలు ఖత్ల్‌లో చచ్చినవాడి వారిసులు మాఫ్ చేయవచ్చు, దియత్ తీసుకుని వదిలేయవచ్చు. దారి మీద దోచి చంపిన కేసులో ఆ మాఫీ చెల్లదు, ఎందుకంటే అది ఒక ఇంటి మీద చేసిన నేరం కాదు, దారిన పోయే ప్రతివాడి మీదా చేసింది. హనఫీ ఉలమా ఇంకో అడుగు ముందుకేశారు. ముఠాలో ఒకడు చంపి, మిగతావాళ్లు కాపలా కాసినా అందరిదీ ఒకే శిక్ష అన్నారు. 2024 జూన్ ఆఖరు దాకా అమల్లో ఉన్న పీనల్ కోడ్ 396 సెక్షను కూడా దాదాపు ఇదే చెప్పేది: ఐదుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి బందిపోటు దోపిడీ చేస్తుండగా వాళ్లలో ఒక్కడు హత్య చేసినా, ప్రతి ఒక్కరికీ మరణశిక్ష వేయవచ్చు.

గొంతు నులమడం గురించి కూడా ఒక బహస్ ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్) లెక్కలో ఖిసాస్ పడాలంటే కోసే ఆయుధంతో చంపి ఉండాలి. గొంతు పిసికి చంపితే ఖిసాస్ లేదు, దియత్ మాత్రమే. కంపెనీ దొరలు దీన్ని పట్టుకుని చాలా ఎగతాళి చేశారు, నియ్యత్ చూడాలి గాని ఆయుధం కాదని రెగ్యులేషన్లు తెచ్చారు. వాళ్లు అంతగా ప్రచారం చేయని మాట ఒకటుంది. ఆ మస్అలా పక్కనే, ‘హిదాయా’లో దారి దోపిడీ అధ్యాయం చివర, ఒకసారికి మించి గొంతు నులిమి చంపినవాడు భూమ్మీద ఫసాద్ చేసేవాడు గనుక వాణ్ని చంపవలసిందే అన్న హుకుం ఉంది. పన్నెండో శతాబ్దంలో మర్గీనానీ రాసిన కితాబు అది. సీరియల్ కిల్లర్ అన్న మాట పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే, ఒక్కసారి చంపినవాడు వేరు, అలవాటుగా చంపేవాడు వేరు అని ఫుఖహా గీత గీశారు.

కంపెనీవాళ్లకు ఆ గీత థగ్గుల రోజుల్లో కావలసి వచ్చింది. థగ్గు అంటే మోసగాడు. దారిలో బాటసారులతో స్నేహం కలిపి, నమ్మించి, రుమాలుతో గొంతు బిగించి, శవాన్ని పూడ్చి, సొమ్ము పంచుకునేవాళ్లని రికార్డులు. దక్షిణాదిలో వీళ్లను ఫాంసీగార్లు అనేవాళ్లు, ఫాంసీ వేసేవాళ్లని అర్థం. 1816లో రిచర్డ్ షేర్‌వుడ్ అనే డాక్టరు మద్రాసు పత్రికలో వీళ్ల మీద వ్యాసం రాశాడు. అదే ఏడాది మార్చిలో మన ప్రాంతం మీద పిండారీ గుర్రాలు పడ్డాయి. కంపెనీ లెక్కల్లో పన్నెండు రోజుల లోపే 339 గ్రామాలు దోచారు, 182 మందిని చంపారు. గుంటూరు సీమ పెద్దవాళ్ల నోట ‘పిండారీ’ తిట్టుగా మిగిలిపోవడానికి కారణం అదే. ఆ పిండారీ దళాల్లో కరీంఖానూ ఉన్నాడు, చీతూ ఉన్నాడు. థగ్గుల్లోనూ రెండు మతాలవాళ్లూ ఉన్నారు. దోపిడీకి దీన్ ధరమ్ ఎప్పుడూ అడ్డు రాలేదు.

పిండారీ అరుస్తూ వస్తాడు, దూరం నుంచే దుమ్ము కనపడుతుంది. థగ్గు నవ్వుతూ వస్తాడు. మున్నా ముఠా థగ్గుల వారసులు, ఒక్క తేడాతో. థగ్గు స్నేహితుడి వేషం వేశాడు, వీళ్లు సర్కారు వేషం వేశారు.

థగ్గులను అణచడానికి స్లీమన్ వాడిన పద్ధతి చూడండి. పట్టుబడ్డవాళ్లలో కొందరిని అప్రూవర్లుగా మార్చి వాళ్ల గవాహీతో మిగతావాళ్లను పట్టాడు. 1836 నాటి 30వ చట్టం ప్రకారం ఫలానా హత్య చేశాడని రుజువు చేయనక్కర్లేదు, ఎప్పుడైనా థగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, జీవితాంతం ఖైదు. దాంతో ఎందరు నిర్దోషులు, దిక్కులేని సంచారులు ఇరుక్కుపోయారోనని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. థగ్గుల భయాన్ని కంపెనీ తన పెత్తనం కోసం పెంచి చూపిందన్న వాళ్లూ ఉన్నారు. నాకూ ఆ అనుమానం ఉంది. థగ్గు అన్న మాట మాత్రం పీనల్ కోడ్ 310, 311 సెక్షన్లలో 2024 జూన్ ఆఖరు దాకా అలాగే ఉండిపోయింది. భారతీయ న్యాయ సంహిత వచ్చాక పోయింది.

మున్నా కేసు అలా నడవలేదు, నడవకూడదు కూడా. స్వతంత్ర దేశంలో ముఠాలో ఉన్నాడంటే సరిపోదు. ఏ లారీ, ఏ రాత్రి, ఏ ఇద్దరు మనుషులు, ఎవరు ఏం చేశారు, అన్నీ విడివిడిగా రుజువు కావాలి. ఇక్కడే అసలు కష్టం. చూసినవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరినే చంపేశారు. గవాలు లేని నేరం. మిగిలేవి ఖరీనాలు, అంటే పరిస్థితులు చెప్పే సాక్ష్యం. 1984లో శరద్ బిర్దీచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: పరిస్థితుల సాక్ష్యంతో శిక్ష వేయాలంటే ప్రతి కడీ విడిగా రుజువవ్వాలి, అన్నీ కలిసి ఒక గొలుసు కావాలి, ఆ గొలుసు ముద్దాయి దోషి అన్న వైపు తప్ప ఇంకెటూ చూపించకూడదు.

పోలీసుల ముందు ముద్దాయి ఒప్పుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. పోలీసు అధికారి ముందు చేసిన ఇక్బాల్ కోర్టులో చెల్లదని 1872 సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షను చెప్పింది. కొట్టి ఒప్పించడం ఆ రోజుల్లోనూ ఉండేది కాబట్టే ఆ గోడ కట్టారు. ఆ గోడలో ఒకే ఒక కిటికీ ఉండేది, 27వ సెక్షను. ముద్దాయి చెప్పిన మాటను బట్టి ఒక వస్తువో, శవమో దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మాట వరకే లెక్కలోకి వస్తుంది. ఈ కిటికీ ఎంత వెడల్పు అన్నది తేల్చిన కేసు మన గుంటూరుదే. పులుకూరి కోటయ్య కేసు. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1947లో ఫైసలా అయింది. ‘ఇంటి కప్పులో కత్తి దాచాను’ అని ముద్దాయి చెబితే, అక్కడ కత్తి ఉందని అతనికి తెలుసు అన్నది మాత్రమే రుజువు. ‘దాంతోనే పొడిచాను’ అన్న మాట ఆ కిటికీలోంచి లోపలికి రాదు. దేశంలో ఏ మూల హత్య కేసు నడిచినా వకీళ్లు ఇవాళ్టికీ ఆ పేరు తలుస్తారు. అప్పుడు మార్టూరు, ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనివే, 1970లో గాని ప్రకాశం జిల్లా ఏర్పడలేదు.

పూడ్చిపెట్టిన శవాల కేసులో ఈ సెక్షను విలువ ఏమిటో చెప్పనక్కర్లేదు. ఎముకలు ఎక్కడున్నాయో హంతకులకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లు చెప్పిన చోట తవ్వితే అవశేషాలు దొరకాలి, అవి ఫలానా మనిషివేనని తేలాలి, పంచుల ముందు మహజరు రాయాలి, ఆ పంచులు ఏళ్ల తర్వాత కోర్టుకు హాజరై ఔను నా ఎదుటే తవ్వారు అని చెప్పాలి. ఈలోగా పంచు ముసలివాడవుతాడు, ఊరు మారతాడు, పోతాడు. దర్యాప్తు చేసిన అధికారి బదిలీ అవుతాడు. వేరే రాష్ట్రాల నుంచి మృతుల బంధువులు భాష తెలియని కోర్టుకు వచ్చి, ఇది మావాడిదే అని గుర్తుపట్టాలి. పదమూడేళ్లు ఎందుకు పట్టిందని కోప్పడేముందు ఇవన్నీ తలుచుకోవాలి. తలుచుకున్న తర్వాత కూడా నాకు కోపం పోదు. 2008లో ఐదేళ్ల పిల్లవాడు ఫైసలా నాటికి పద్దెనిమిదేళ్ల యువకుడు.

ఇక మన ఇళ్లలో గుసగుసగా వినపడే మాట. హంతకుడి పేరు ముస్లిం పేరు కదా, ఎందుకు మళ్లీ తవ్వడం, ఖౌమ్ బద్నామ్ అవదా అని. శిక్ష పడ్డవాళ్లలో ఒక్క మతంవాళ్ల పేర్లే లేవు. అలాగని, వాళ్లూ ఉన్నారుగా అని వేలు చూపించడం నాకు ఇష్టం లేదు. ఆ నాయకుడి పేరు అబ్దుల్ సమద్. సమద్ అంటే దేని అవసరమూ లేనివాడు, అందరికీ ఆధారమైనవాడు. ఆ సమద్‌కు బందా అని అమ్మానాన్న పేరు పెట్టారు. లారీడు ఇనుము కోసం ఇద్దరేసి మనుషులను చంపినవాడు ఆ పేరుకు ఏమీ కాడు. జాలిమ్‌ను దాచితే ఖౌమ్ పరువు నిలవదు, మజ్లూమ్ వైపు నిలబడితేనే నిలుస్తుంది. పైగా ఈ కథలో మనం ఏ వైపు ఎక్కువమందిమి ఉన్నాం? దూదేకుల మగ్గాలూ, ఏకు బద్దలూ పోయాక ఈ పత్తి సీమలో మన పిల్లలు ఎక్కింది లారీలే. డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, పంక్చరు షాపులు. రాత్రిపూట తనిఖీ అని చెయ్యి ఊపితే బ్రేకు తొక్కేది మనవాళ్లే.

ఉరి సంగతి కూడా తేల్చుకుందాం. జిల్లా కోర్టు మరణశిక్ష వేసినంత మాత్రాన ఉరి తీయరు. హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల బెంచి రికార్డంతా మళ్లీ చదివి ఖాయం చేయాలి, ముద్దాయి అప్పీలు వేసినా వేయకపోయినా. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతు ఏమిటంటే, అరుదైన వాటిలో అరుదైన కేసు కావాలి, వేరే ఏ శిక్షా సరిపోదని తేలాలి. నేరం ఎంత ఘోరమో చూడటంతో పాటు మనిషిని కూడా చూడమంటుంది ఆ తీర్పు. ముఠాలో అందరూ ఒకటేనా? తాడు బిగించినవాడూ, లారీ తోలినవాడూ? ఫిఖ్హ్ కూడా, 396 కూడా ఒకటేనన్నాయి. బచన్ సింగ్ తీర్పు ఒక్కొక్కరినీ విడిగా చూడమంటుంది. నా మనసు ఈ రెండింటి మధ్యే ఉంది. శిక్ష గట్టిగా ఉండాలి, అందులో నాకు షక్ లేదు. కానీ 12 మందిని ఒకే తక్కెడలో వేసినప్పుడు ఆ తక్కెడను ఇంకొకరు మళ్లీ చూడటం మంచిదే.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పెట్టింది ఒకటుంది. పోలీసులు శవాలు తవ్వి తీయకపోయి ఉంటే ఆ ఇళ్ల గతి ఏమిటి? ఫిఖ్హ్‌లో అలాంటి మనిషిని మఫ్ఖూద్ అంటారు, ఉన్నాడో పోయాడో తెలియనివాడు. పాత హనఫీ మతం ప్రకారం మఫ్ఖూద్ భార్య, అతని ఈడువాళ్లందరూ పోయేదాకా వేచి ఉండాలి. అంటే దాదాపు ఆమె జీవితమంతా. ఈ తిప్పలు చూసే మౌలానా అష్రఫ్ అలీ థానవీ లాంటి ఉలమా మాలికీ మతంలోని సౌలభ్యాన్ని తీసుకుని దారి చూపారు. దాని ఆసరాతోనే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త నాలుగేళ్లుగా ఆచూకీ లేకపోతే భార్య కోర్టుకు పోయి నికాహ్ రద్దు కోరవచ్చు. ఆస్తి పంపకానికి, ఇన్సూరెన్సుకు మాత్రం 2024 జూన్ ఆఖరు దాకా అమల్లో ఉన్న సాక్ష్యాధారాల చట్టం 108వ సెక్షను ఏడేళ్లు ఆగమనేది. లారీ ఎక్కిన కొడుకు తిరిగి రాకపోతే తల్లి ఏడేళ్లు మరణ ధ్రువపత్రం కోసం చూడాలన్నమాట, ఈలోగా అతను దొంగ అన్న మాట వింటూ.

మట్టిలోంచి ఎముకలు దొరికి, ఎవరివో తేలిన రోజున ఆ నాలుగేళ్లూ, ఆ ఏడేళ్లూ అక్కర్లేకుండా పోతాయి. దొంగ అన్న మాట కూడా పోతుంది. ముస్లిం ఇల్లే అయితే ఇంకొక్క లెక్క మిగులుతుంది. బేవా ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు, అది కబురు అందిన రోజు నుంచి కాదు, మనిషి పోయిన రోజు నుంచి మొదలవుతుంది. అతను పోయిన ఆరు నెలలకు కబురు అందితే, ఆమె ఎదురుచూస్తూ వాకిట్లో కూర్చున్న రోజుల్లోనే ఇద్దత్ గడిచిపోయి ఉంటుంది, ఆమెకు తెలియకుండానే.